అసలైతే టోపీ నీలం

మావయ్యకి ఒకే ఒక్క జబ్బు ఉంది. చిన్నప్పుడెప్పుడో మనమంతా చూసి మురిసిపోయిన బొమ్మల సినిమాని ఎవరైనా నిజం మనుషులతో మళ్లీ తీశారంటే చాలు, మొదటి వారమే హాల్లో కూర్చుని, అది ఎక్కడెక్కడ మారిందో మొదటి సీను నుంచి చివరి సీను దాకా పైకి చెబుతాడు. మనసులో అనుకోడు. గుసగుసలాడడు. గొంతు తగ్గించడమనే విద్య ఆయనకి అబ్బలేదు. ప్రతి మాటా "అసలైతే" అనే మొదలవుతుంది. "అసలైతే ఈ వంతెన కర్రది." "అసలైతే రాణిగారికి పుట్టుమచ్చ లేదు." "అసలైతే ఎలుగుబంటి ఇక్కడ తుమ్మాలి. తుమ్మలేదు, చూశారా!" అందుకే ఊళ్లో ఆయన పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన అసలైతే మావయ్యే.

ఆయనది కళ్లజోళ్ల షాపు. అక్కడ మాత్రం అద్దాలు అరగదీస్తూ గంటల తరబడి నోరు మెదపడు. కొత్త ఫ్రేము పెట్టుకుని ఎవరైనా "ఎలా ఉందండీ?" అంటే "బాగుంది" అని ఊరుకుంటాడు. ఆ మర్యాద ఇంట్లోవాళ్లకి లేదనుకోండి. మేనకోడలు స్కూలు ఫొటో తెచ్చి మురిపెంగా చూపిస్తే, అటూ ఇటూ తిప్పి చూసి "అసలైతే నీ చెవులు ఇంకా పెద్దవి" అన్న మనిషి ఆయన.

ఆ మేనకోడలే ఇప్పుడు ఊళ్లో ఉన్న ఒక్కగానొక్క సినిమా హాలుకి మేనేజరు. మేనేజరై నాలుగు నెలలు. ఆరు నెలలు చూసి ఖాయం చేస్తానన్నాడు ఓనరు. టికెట్ల కిటికీ పక్కన పురికొసతో వేలాడే ఫిర్యాదుల పుస్తకంలో ఈ నాలుగు నెలల్లో రెండు ఫిర్యాదులు కారుతున్న కుళాయి మీద వచ్చాయి. మిగతావన్నీ మావయ్య మీదే. "ఆరో వరుసలో ఒక పెద్దమనిషి సినిమా మీద కేసు వేసినట్టు వాదిస్తున్నాడు" అని ఒకరు. "సదరు పెద్దమనిషి గొంతు తగ్గించే మీట ఎక్కడుందో తెలియజేయగలరు" అని ఇంకొకరు.

ఈ గొడవలో ఆయన ఒక్కడే అయితే ఎలాగో సర్దుకునేది. ఆయనకి జోడీగా డ్రాయింగు టీచరమ్మ ఉంది. సగం ఊరికి బొమ్మలు గీయడం నేర్పింది ఆవిడే. ఇప్పటికీ ఇంటి వరండాలో పిల్లలకి నేర్పుతూనే ఉంది. ఆవిడ సీటు ఐదో వరుసలో పదకొండు. మావయ్య సీటు సరిగ్గా ఆవిడ వెనక, ఆరో వరుసలో పదకొండు. మూడేళ్లుగా మారలేదు.

"అసలైతే ఆ కోట తెల్లది!" అని మావయ్య మొదలుపెడతాడు.

టీచరమ్మ గిర్రున వెనక్కి తిరుగుతుంది. "ఇప్పుడేం, నల్లగా ఉందా?"

"బూడిద రంగు! పైగా గోడల నిండా తీగలు పాకించారు!"

"పాకనివ్వండి. మీ సొమ్మేం పోయింది? కిటికీలు ఉంచారా, అవీ పీకేశారా?"

"మూడే ఉంచారు! అసలైతే ఏడు!"

"సరే, ఇక నోరు ముయ్యండి."

నోరు మూస్తాడు. రెండు నిమిషాలు. ఆ తరవాత రాకుమారుడి చెప్పుల దగ్గర మళ్లీ అంటుకుంటుంది. పాపం, పెద్దావిడని ప్రశాంతంగా సినిమా చూడనివ్వడు కదా అని మేనకోడలికి టీచరమ్మంటే జాలి. విచిత్రమేమిటంటే ఇన్ని ఫిర్యాదుల్లో టీచరమ్మ చేత్తో రాసింది ఒక్కటీ లేదు. ఆవిడ మంచితనం అలాంటిది అనుకునేది మేనకోడలు.

ఇలా ఉండగా నీలిటోపీ నక్క సినిమాని మళ్లీ తీశారు. ఆ బొమ్మల సినిమా చూడకుండా ఆ ఊళ్లో ఎవరూ పెద్దవాళ్లు కాలేదు. ఒక నక్క, దాని నీలం టోపీ గాలికి ఎగిరిపోతుంది. దాన్ని వెతుక్కుంటూ అడవులూ ఊళ్లూ దాటి వెళుతుంది. తీరా దొరికేసరికి అందులో ఒక పిట్ట గుడ్లు పెట్టి పొదుగుతూ ఉంటుంది. నక్క కాసేపు చూస్తుంది, టోపీ అక్కడే వదిలేసి, ఒక్క నవ్వు నవ్వి వెళ్లిపోతుంది. ఆ నవ్వు కోసమే జనం సినిమా మళ్లీ మళ్లీ చూసేవాళ్లు.

శనివారం సాయంత్రం ఓనరు ఫిర్యాదుల పుస్తకం ఆసాంతం చదివి మూశాడు. ఆయన ఎప్పుడూ అరవడు. అదే భయం. "రేపు మధ్యాహ్నం ఆటకి నేనూ వస్తున్నాను. ఈ ఆటకి ఒక్క ఫిర్యాదు వచ్చినా సోమవారం నుంచి ఈ కుర్చీలో ఇంకొకరు ఉంటారు," అన్నాడు.

ఆదివారం పొద్దున్నే మేనకోడలు కళ్లజోళ్ల షాపులో తేలింది. "మావయ్యా, నీ కాళ్లు పట్టుకుంటాను. ఈ ఒక్క సినిమాకీ రాకు."

"ఇంకేదైనా మానేస్తాను గానీ, నక్కనా!"

"పోనీ, బాల్కనీలో చివర కూర్చో."

మావయ్య చేతిలో అద్దం కింద పెట్టేశాడు. "సీటు మార్చకు అమ్మలూ. కావాలంటే నోరు కుట్టేసుకుంటాను. సీటు మాత్రం అక్కడే ఉండనీ."

"టీచరమ్మని ఏడిపించకపోతే నీకు పొద్దుపోదా?"

ఆయన తుడిచిన జోడే మళ్లీ తుడిచాడు. "ఉద్యోగం నిజంగా పోతుందా?"

"పోతుంది."

"అయితే మాట్లాడను," అన్నాడు, మొహం వేలాడేసుకుని. మేనకోడలు పిప్పరమెంట్ల పొట్లం ఆయన జేబులో కుక్కింది. మాట వచ్చినప్పుడల్లా ఒకటి నోట్లో వేసుకోమంది.

మధ్యాహ్నానికి హాలు నిండిపోయింది. ఓనరు ఆఖరి వరుసలో, నడవ పక్కన కూర్చున్నాడు. మేనకోడలు తలుపు దగ్గర టార్చి పట్టుకుని నిలబడింది. అక్కడినుంచి ఆమెకి రెండే కనిపిస్తున్నాయి: ఓనరు మెడ, మావయ్య బట్టతల.

దీపాలు ఆరాయి. తెర మీద నక్క వచ్చింది. బొమ్మ కాదు, వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టుకోవచ్చు. నెత్తిన టోపీ మాత్రం ఖాకీ రంగు. హాలంతా ఒక్కసారి "అయ్యో" అంది. వెంటనే ఆరో వరుస చుట్టుపక్కలవాళ్లంతా తలలు తిప్పి మావయ్య వైపు చూశారు. ఇప్పుడు పేలుతుంది అనుకుని మేనకోడలు కళ్లు మూసుకుంది.

కరకరమని పిప్పరమెంటు కాగితం చప్పుడు. అంతే.

"ఏమైంది?" అని టీచరమ్మ వెనక్కి తిరిగింది. "ఏమండీ, ఉన్నారా?"

మావయ్య దగ్గాడు. ఇంకో కాగితం చప్పుడైంది.

"ఏమిటా అయ్యోలు? ఏం మార్చారేం?"

"ష్!" అన్నారెవరో. టీచరమ్మ ముందుకి తిరిగి కూర్చుంది. కాసేపటికి మళ్లీ తిరిగింది, మళ్లీ ఎవరో ష్ అన్నారు. ఆ తరవాత ఇక తిరగలేదు. నక్క మాట్లాడినా పెదాలు కదలలేదు, మావయ్య మాట్లాడలేదు. నది ఉండాల్సిన చోట రైలు పట్టాలొచ్చాయి, మాట్లాడలేదు. ఆయన బుగ్గలు రెండూ వెనకనుంచి కూడా కనబడేలా ఉబ్బి ఉన్నాయి, భుజాలు చెవుల దాకా లేచాయి. ఇలాగే ఇంకో గంట గడిస్తే మనిషి దక్కుతాడా అని భయమేసింది మేనకోడలికి. ఓనరు వెనక్కి తిరిగి మెచ్చుకోలుగా తలూపాడు. నాలుగు నెలల్లో అదే మొదటిసారి.

విరామంలో ఆమె స్వయంగా టీ కప్పు పట్టుకుని టీచరమ్మ దగ్గరికి వెళ్లింది. "ఇవాళ ప్రశాంతంగా ఉంది కదండీ?"

"చాలా ప్రశాంతంగా ఉందమ్మా. మావయ్యగారికి ఒంట్లో బాగాలేదా?"

"నిక్షేపంలా ఉన్నాడండీ. నేనే నోరు మూయించాను."

టీచరమ్మ కళ్లజోడు సర్దుకుంది. "అలాగా. మంచిపని చేశావు," అని నవ్వడానికి ప్రయత్నించింది. "సినిమా బాగా తీశారమ్మా. ముఖ్యంగా ఆ టోపీ నీలం ఎంత చక్కగా కుదిరిందో!"

వెటకారమేమో అని మేనకోడలు ఆవిడ మొహంలోకి చూసింది. వెటకారం లేదు. టీ కోసం చాచిన చెయ్యి కప్పుకి జానెడు పక్కకి వెళ్లి, కుర్చీ చేతిని తడుముకుంటూ వెనక్కి వస్తోంది. మేనకోడలు కప్పుని ఆ చేతిలో పెట్టింది.

వసారాలో మావయ్య గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మేనకోడలు ఆయన్ని చొక్కా పట్టుకుని మూలకి లాక్కెళ్లింది. "మావయ్యా, టీచరమ్మకి కనబడదా?"

ఆయన గబుక్కున అటూ ఇటూ చూశాడు. పిప్పరమెంటు ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చాడు. "మెల్లగా! చూపు మధ్యలో అంతా మసక. అంచులే కనబడతాయి. మూడేళ్లయింది. జోడు మార్చితే పోయేది కాదు, పెద్ద డాక్టరూ అదే అన్నాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. బొమ్మలు నేర్పే మనిషికి చూపు లేదని తెలిస్తే రేపటి నుంచి పిల్లల్ని ఎవరు పంపుతారు? జనానికి అనుమానం రాకుండా ఏడాదికో కొత్త ఫ్రేము నేనే బిగిస్తున్నాను. అందులో ఉన్నది ఉత్త గాజు."

"మరి ఈ సినిమాలు..."

"పాత బొమ్మలన్నీ ఆవిడ కళ్లలో ఉన్నాయే పిచ్చిదానా! రంగు రంగూ గుర్తే. మారినవి చెబితే చాలు, మిగతాది ఆవిడే గీసేసుకుంటుంది. చెవిలో ఊదితే ఊరంతా కనిపెట్టేస్తుంది. దెబ్బలాడితే ఎవరికీ అనుమానం రాదు."

మేనకోడలికి కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపమూ వచ్చింది. "నాకు ముందే చెప్పి ఏడవచ్చు కదా!"

"ఆవిడకి మాటిచ్చాను. పొద్దున్న నీకూ మాటిచ్చాను. ఇద్దరికీ మాటిచ్చినవాడు పిప్పరమెంటు తినక ఏం చేస్తాడు?"

గంట మోగింది. జనం లోపలికి వెళుతున్నారు. ఓనరు కూడా వెళ్లాడు. మేనకోడలు ఆయన వీపు వైపు ఒకసారి చూసి, మావయ్య ముందు అరచెయ్యి చాపింది. "నోట్లోది ఉమ్మెయ్."

"నీ ఉద్యోగమో?"

"ఆ సంగతి నేను చూసుకుంటాను. ఉమ్మెయ్యమంటుంటే!"

ఉమ్మేశాడు.

తెర వెలిగీ వెలగకముందే హాలు దద్దరిల్లింది. "అసలైతే టోపీ నీలం! ఖాకీ చేశారు!"

టీచరమ్మ వెన్ను నిటారుగా లేచింది. "ఖాకీనా! ఎప్పట్నుంచి?"

"మొదటి సీను నుంచీ! పోలీసు టోపీలా ఉంది!"

"మరి ఇంతసేపూ ఏం చేస్తున్నారండీ, నిద్రపోయారా?"

జనం గొల్లుమన్నారు. గంటసేపు బుగ్గల్లో దాచుకున్నదంతా మావయ్య నాలుగు నిమిషాల్లో వెళ్లగక్కాడు. నది పోయి రైలు పట్టాలొచ్చిన సంగతి, నక్క పెదాల సంగతి, ముసలి గుడ్లగూబకి కళ్లజోడు తీసేసిన సంగతి. ఇది మాత్రం ఆయన సొంత బాధ. "అవునండీ, టోపీ మార్చడమేంటి!" అని ముందు వరుసలోంచి ఎవరో లేచారు. "కూర్చోండి, సినిమా చూడనివ్వండి!" అని పక్కనుంచి ఇంకెవరో. "ఏం చూస్తావయ్యా, టోపీ లేకుండా!" అని బాల్కనీ. మేనకోడలు టార్చిని రెండు చేతులతో పట్టుకుంది. ఓనరు ఒకసారి సీట్లోంచి సగం లేచాడు. అయిపోయింది అనుకుంది. ఆయన కోటు సర్దుకుని మళ్లీ కూర్చున్నాడు. మెడ చూసి మనసేమిటో ఎవరు చెప్పగలరు?

చివరి సీను వచ్చింది. టోపీలో పిట్ట, పిట్ట కింద గుడ్లు. హాలు దానంతటదే సద్దుమణిగింది. టీచరమ్మ ఈసారి వెనక్కి తిరగలేదు. దెబ్బలాట గొంతు కూడా కాదు, చిన్నపిల్ల గొంతు. "నవ్విందా?"

తెర నిండా నక్క మొహం ఉంది. నిజం నక్క మొహం. అందులో నవ్వు మచ్చుకైనా లేదు.

మావయ్య గొంతు సవరించుకున్నాడు. "నవ్విందండీ. అచ్చం అలాగే."

"ఎక్కడ నవ్వింది?" అని ఎవరో చీకట్లోంచి అడిగారు.

"నవ్వింది!" అంది తలుపు దగ్గర్నుంచి మేనకోడలు. మేనేజరు ఆట మధ్యలో అరవడం ఆ హాల్లో అదే మొదలు. ఓనరు మెల్లగా తిరిగి ఆమెనే చూశాడు. ఆమె చూపు దించలేదు.

అప్పుడు టీచరమ్మ నవ్వింది, పైకే. "అబద్ధం! నిజం నక్క మూతికి నవ్వు ఎక్కడ అతికిస్తారండీ? ముప్పై ఏళ్లు నక్కలు గీయించాను, నాకు తెలీదా! అసలైతే మీరు అబద్ధాలాడరే!"

"అసలైతే ఆడను," అన్నాడు మావయ్య.

ఆట వదిలాక మేనకోడలు బయటికి వచ్చేసరికి ఫిర్యాదుల పుస్తకాన్ని టికెట్ల కిటికీ ముందున్న బల్ల మీద పెట్టుకుని టీచరమ్మ వంగి ఏదో రాస్తోంది. ఆవిడ పెన్ను పెట్టేసి వెళ్లగానే ఓనరు పుస్తకం అందుకున్నాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, వాలుగా దిగి, ఆఖరి మాట పేజీ దాటి బల్ల మీదకి పాకింది. ఆయన చదవడానికి చాలాసేపు పట్టింది. తరవాత పైకి చదివాడు.

"మొదటి సగంలో ఆరో వరుస పెద్దమనిషి ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. నాకు చాలా ఇబ్బంది కలిగింది. మళ్లీ ఇలా జరగకుండా చూడగలరు."

"ఒక్క ఫిర్యాదు వచ్చినా అన్నాను," అన్నాడు.

"అన్నారండీ."

"వచ్చింది."

"వచ్చిందండీ."

ఓనరు బల్ల మీది ఆ ఆఖరి మాటని వేలితో తడిమాడు. గాజు తలుపు అవతల, మెట్ల దగ్గర ఆగిన టీచరమ్మ వైపు చూశాడు. పుస్తకం మూసి మేనకోడలి చేతిలో పెట్టాడు. "చర్య తీసుకోండి, మేనేజరుగారూ. ఆయన మళ్లీ నోరు మూసుకుని కూర్చుంటే మాత్రం నేను ఊరుకోను." రెండడుగులు వేసి ఆగాడు. "ఆ ఖాకీ టోపీ ఎవడి తెలివో గానీ!"

మేనకోడలు తలుపు తోసుకుని బయటికి వచ్చింది. మెట్ల మీద మావయ్య టీచరమ్మకి ఒక అడుగు వెనక నిలబడి వీధి వీధంతా వినబడేలా అరుస్తున్నాడు.

"అసలైతే ఇక్కడ మెట్లు నాలుగు!"

"ఇప్పుడెన్ని తగలేశారేం?"

"మూడే! మొన్న బాగుచేసి ఒకటి మింగేశారు!"

"మింగితే మింగారు, చెవులు చిల్లులు పడేలా అరవకండి," అంటూ టీచరమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, కమ్మీ ముట్టుకోకుండా, మూడు మెట్లూ దర్జాగా దిగి వెళ్లిపోయింది.