రెండో నంబరు ముందు

దెయ్యాలు, ఆత్మలు అనే మాట ఇంట్లో ఎవరైనా ఎత్తితే పేపరు మడిచి లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. ముప్పై నాలుగేళ్ళు ఫ్యాక్టరీలో ఆటోమేషన్ పని చేశాను. మిషన్ ఆగిందంటే కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఆ వెతుకులాటంతా నా డైరీల్లో ఉంది. ఇదీ డైరీ ముందు పెట్టుకునే రాస్తున్నాను. ఇందులో ఒక్క మాట మాత్రం అప్పుడు డైరీలో రాసుకోలేదు.

సింహాద్రి నాతో ఇరవై ఆరేళ్ళు పనిచేశాడు. ఒకే ఊళ్ళో మాది కద్మా పేట, వాళ్ళది బాగ్‌బేరా పేట. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అనేవాడు. వాళ్ళావిడ పైడితల్లి అన్నయ్యా అంటుంది. గంటగంటకీ నేను డైరీ తీయడం చూసి, "నువ్వు సచ్చినా టైమేసి సత్తావు బావా" అని అందరి ముందూ నవ్వేవాడు.

మా ఫర్నేస్‌కు చల్లనీళ్ళు పంపే పంపులను రెండు కంట్రోలర్లు చూసుకునేవి. ఒకటి నడుపుతుంటే రెండోది కాపు కాస్తుంది. అది ఆగితే ఇది అందుకుంటుంది. రెండూ ఆపి మళ్ళీ లేపేటప్పుడే జాగ్రత్త. దేనికి ముందు కరెంటు ఇస్తామో అది పెద్దదవుతుంది. తనలోని ప్రోగ్రామును అవతలిదాంట్లోకి దించేస్తుంది. ముందు లేచినది ఖాళీదైతే అవతలిదాంట్లో ఉన్నదీ తుడిచిపెట్టుకుపోతుంది.

అందుకని సింహాద్రికి ఒక పద్ధతి ఉండేది. ముందు లేవకూడని దాని కరెంటు వైరు ఊడదీసి, మూడు చుట్లు చుట్టి, కొస మధ్యలో దోపి, ప్యానెల్ లోపలి కొక్కేనికి తగిలించేవాడు. స్విచ్‌కి చీటీ కడితే చాలదా అంటే, "సీటీ ఎవడు సదువుతాడు? తీగే లేకపోతే ఏటి సేత్తాడు?" అనేవాడు. అలా చుట్టేవాళ్ళు మా దగ్గర ఇంకెవరూ లేరు.

నేను రిటైరైన రెండో ఏడు ఒకటో నంబరు కంట్రోలర్ కాలిపోయింది. సింహాద్రి మూడు నెలలు రెండోదాని మీదే పంపులు నడిపాడు. ప్రోగ్రాములో చాలా మార్పులు చేశాడు. వాటి నకలు తీసిపెట్టాడనే అందరం అనుకున్నాం. ఒకటో నంబరు చోట కొత్తది బిగించి, దానికింకా కరెంటు ఇవ్వకముందే, ఆ వారంలోనే ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో పడ్డాడు.

చూడ్డానికి వెళ్ళాను. ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, నా చెయ్యి పట్టుకున్నాడు.

"నిన్నే పిలుత్తారు బావా. ఒకటోది కొత్తది, కాళీది. ఈసారి రెండోది ముందు. రాసుకో."

డైరీ నా సంచిలోనే ఉంది. తీయలేదు. ఆ మంచం పక్కన పెన్ను తీస్తే చివరి మాటలు రాసుకుంటున్నట్టు ఉంటుంది. అవతల పైడితల్లి చూస్తోంది. గుర్తుంటుందిలే, నువ్వు పడుకో అన్నాను. సింహాద్రి ఒకసారి నా సంచి వైపు చూశాడు. నాలుగో రోజున పోయాడు.

కర్మలైన వారానికి నిజంగానే నన్ను పిలిచారు. షట్‌డౌన్ తర్వాత రెండూ లేపాలి. మహతో అనే అమ్మాయి ఇంజనీరు, తను ఈ పని ముందెప్పుడూ చూడలేదు. నేను పాత డైరీలోంచి వరస ఎత్తి రాసుకుని వెళ్ళాను. అందులో, ఎప్పటిలాగే, ఒకటోది ముందు.

ఆ రోజు పేజీ ఇది. "9.40. రెండు ప్యానెళ్ళలో వైర్లు చూశాను. ఒకటో నంబరు కరెంటు వైరు స్క్రూ వదులు. పావు తిప్పు బిగించాను." తర్వాత తాళాలు వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, ఆ అమ్మాయితో టీకి వెళ్ళాను. 11.10కి వచ్చి, ప్యానెల్ తలుపు మీది ఒకటో నంబరు స్విచ్ ఎత్తాను.

లైటు రాలేదు.

తాళం తీసి చూశాం. కరెంటు వైరు దాని చోట లేదు. మూడు చుట్లు చుట్టి, కొస మధ్యలో దోపి, కొక్కేనికి వేలాడుతోంది. స్క్రూ మళ్ళీ దాని చోట బిగించి ఉంది.

ఇది ఎవరు తీశారు సర్ అని ఆ అమ్మాయి హిందీలో అడిగింది. నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆసుపత్రి మాట.

రెండోది ముందు లేపాం. అది నిలదొక్కుకున్నాక వైరు బిగించి ఒకటోది లేపాం. పంపులు అందుకున్నాయి. సాయంత్రం ప్రోగ్రాములు ఎక్కించే ల్యాప్‌టాప్ అంతా వెతికితే సింహాద్రి మార్పుల నకలు ఎక్కడా లేదు. అతని ఆఖరి మూడు నెలల పని ఆ ఉదయం దాకా ఆ రెండో నంబరులో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు.

ఆ రోజు డ్యూటీలో ఉన్న అందర్నీ అడిగాను. తాళంచెవి ఒక్కటే, నా జేబులో. చూడకుండానే చూశానని రాశానా? పావు తిప్పు కూడా కల్పించి రాస్తానా? నేనే తీసి మరిచిపోయానా? ఇంట్లో ఎన్నోసార్లు అలా చుట్టి చూశాను. నేను చుడితే కొస నిలవదు, జారి బయటికి వస్తుంది.

బాగ్‌బేరా వెళ్ళి పైడితల్లికి అంతా చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. ఇంటి పక్క రైల్వే యార్డులో గూడ్సు బండి దాటే దాకా ఆగి, ఒక్కటే అడిగింది.

"రాసుకోమన్నారు గదా అన్నయ్యా. ఎందుకు రాసుకోనేదు?"

నేను సంచి తీసుకుని లేచాను.

ఇంటికొచ్చి ఆసుపత్రి రోజు పేజీ తీశాను. "సింహాద్రిని చూశాను. నీరసంగా ఉన్నాడు" అని మాత్రం ఉంది. దాని కింద రాశాను. ఈసారి రెండోది ముందు.

నా డైరీలో ప్రతి లోపం పక్కనా, కారణం దొరికాక రాయడానికి, ఒక గీత గీసి పెట్టుకుంటాను. ఆ వైరు పక్కన గీత మాత్రమే ఉంది.