గొల్లకావడి కింద పొగ

మొన్న మనవరాలు ఫోనులో ఒక ఫొటో చూపించింది. ఇంకా రూపు కట్టని పసి నక్షత్రం ఒకటి అటొకటి, ఇటొకటిగా రెండు వాయుధారలను చిమ్ముతోంది. అదెక్కడిదో ఏదో ఇంగ్లీషు పేరు చెప్పింది గాని, ఆకాశం పటంలో వేలు పెట్టేసరికి అది వరసగా మూడు చుక్కలుండే మన గొల్లకావడేనని, దాని కింద వేలాడే మూడు చుక్కల్లో నడిమిదాని దగ్గరేనని తెలిసి, నాకు ఆ పూట అన్నం సయించలేదు.

పందొమ్మిది వందల అరవైల్లో నేను జువ్వలదిన్నె పక్కన ఒక పల్లెపాళెం బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. ఇరవై రెండేళ్లు, ఉద్యోగం కొత్త, చదువుకున్నానన్న పొగరు నిండా ఉండేది. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున నక్షత్రాలంటే ఏమిటని అడిగితే, సముద్రంలో చేపల వేటకు వెళ్లే ఒకాయన కూతురు లేచి, మండే గోళాలని నేను బట్టీ పట్టించిన జవాబు చెప్పి, అక్కడితో ఊరుకోక, "కావడి కింద నడిమి చుక్క మాత్రం పొగ సార్. ఇప్పుడిప్పుడే రాజుకుంటా ఉండాది" అనేసింది. ఇన్‌స్పెక్టరు పకపకా నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన జీపు కదలగానే ఎవరు చెప్పారే నీకని గద్దిస్తే, నాయన చూపించినాడంది. మీ నాయనకు చేపలు తప్ప చుక్కల సంగతేం తెలుసునని క్లాసంతా వినేలా అన్నాను. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను.

మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదు. మనసులో ఏదో పీకుతుంటే ఒక సాయంత్రం, మాఘమాసం కదా, చీకటి పడగానే ఇసుకలో నిలబడి తలెత్తి చూశాను. చుట్టూ చుక్కలన్నీ సూదిమొనల్లా ఉంటే అదొక్కటే పొయ్యి మీది పొగలా మసగ్గా ఉంది.

ఆ వారంలోనే వాళ్ల నాయన తలగుడ్డ చేతిలో పట్టుకుని బడికి వచ్చాడు. "తప్పు నాది అయ్యవారూ, తెలిసీ తెలియక బిడ్డకు చెప్పినాను. మీరొక మాటంటే మళ్లా వస్తాది" అన్నాడు. తప్పు నీది కాదయ్యా, నాది అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, పరువు అడ్డం పడింది. రమ్మను, ఇకమీదట పుస్తకంలో ఉన్నదే చెప్పాలి అన్నాను. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. తర్వాత చాలాసార్లు ఆ పిల్ల ఒడ్డున చేపలు ఎండబెడుతూ కనిపించేది, నన్ను చూసి ముఖం తిప్పుకునేది. వేసవిలో బదిలీ వస్తే, సిగ్గు విడిచి చెబుతున్నాను, బతికిపోయాననుకున్నాను.

ఇప్పుడక్కడ పెద్ద రేవు కట్టారట, దీపాల వెలుగులో చుక్కలే సరిగా ఆనవట. పిల్లలేమో ఆ పొగ లోపలేముందో కూడా ఫోనులో చూసేస్తున్నారు. ఆ పిల్ల ఉంటే డెబ్బై దాటి ఉంటుంది. నువ్వు చెప్పిందే నిజమమ్మా అనడానికి నాకీ ఫొటో అక్కర్లేదు. ఆ సాయంత్రమే తెలుసు.