గుర్తు తెలియని వాహనం వద్దన్న మనిషి

మా సార్ పోయారు. బళ్ళారిలో మా తెలుగు పత్రికకు ఇన్‌చార్జిగా ఉండి, లెక్కలతో వార్త రాయడం మాకు నేర్పిన మనిషి. మొన్న పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసి, "నాయన పోయినాడక్కా. గుండె ఆగిపాయ" అంది. మర్నాడు పేపర్లో 'సీనియర్ పాత్రికేయుడు అనారోగ్యంతో మృతి' అని ఒక్క ముక్క వేశారు. ఏం అనారోగ్యం? ఎక్కడ? ఆయనే చూసుంటే టీ కప్పు ఎగిరేలా స్టీలు స్కేలుతో బల్ల మీద బాదేవారు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

గనులు జోరుగా సాగిన రోజుల్లో ఖనిజం లారీలు మనుషులను తొక్కుకుంటూ పోయేవి. నేను చేరిన కొత్తలో కూరెకుప్ప దగ్గర ఒకాయన సైకిలుతో సహా లారీ కింద పడ్డాడు. వెళ్ళి చూస్తే సైకిలేదో, కాళ్ళేవో తెలియలేదు. ఆ నెత్తురు మీదుగానే వెనక లారీలు పోతున్నాయి. ఆఫీసుకొచ్చి వాంతి చేసుకుని, అందరూ రాసేట్టే రాశాను: 'గుర్తు తెలియని వాహనం ఢీకొని వ్యక్తి మృతి.'

సార్ ఆ కాగితం నా ముందు పడేశారు.

"ఎవురికి తెలీదమ్మా గుర్తు?"

"పోలీసులకు సార్."

"ఆడుండే టీ అంగడోనికి తెలుసు. సచ్చినాయప్ప పెండ్లానికి తెలుసు. మళ్ళ మనమెందుకు తెలీదని రాసేది?"

ఆ రోజు నుంచి మా దగ్గర ఆ మాట నిషేధం. ప్రతి చావుకూ కంప్యూటర్లో ఒక వరస. ఏ రోడ్డు, ఏ వేళ, బండి నిండుగా ఉందా, ఖాళీగా ఉందా. ఒక్క గడి ఖాళీగా కనిపించినా స్కేలు మోగేది. మా సిరుగుప్ప విలేకరి విసుక్కున్నాడు. "సార్, మేము విలేకర్లమా, గుమాస్తాలమా?"

"ఒకని కోసం ఏడ్సప్పా, వద్దనను. రాసేటప్పుడు మాత్రం అందర్నీ పక్కపక్కన పెట్టి సూడు."

పక్కపక్కన పెట్టాక మాకే ఒళ్ళు జలదరించింది. ఎక్కువమందిని చంపినవి నిండు లారీలు కావు. ట్రిప్పుకింతని కూలి గనక, ఖాళీ చేసి మరో ట్రిప్పు కోసం వెనక్కి పరిగెత్తేవి. సార్ స్కేలు ఆనించి ఆ వరసలన్నీ మళ్ళీ మొదటి నుంచి చదివారు. తర్వాత, "బండి కాదమ్మా, ట్రిప్పు సంపుతాండాది" అన్నారు.

ఆ పట్టిక, చనిపోయిన వాళ్ళ పేర్లతో సహా, పేజీ నిండా వేద్దామనుకున్నాం. ఎలా తెలిసిందో, ఆపమని బెదిరిస్తూ ఫోన్లు వచ్చాయి. సార్ ఆపలేదు. పేజీ ప్రెస్‌కు వెళ్ళిన సాయంత్రం ఇనుపరాడ్లతో మనుషులొచ్చారు. కంప్యూటర్లు పగలగొట్టారు. సిరుగుప్ప విలేకరి తల చీలింది. "రాసే సెయ్యి పట్టుకోండ్రా" అని ఒకడు అరిచాడు. సార్ కుడిచేతిని బల్లకు అదిమిపెట్టి కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. ఇప్పటికీ ఎక్కడైనా కట్టె విరిగితే నాకు ఆ చప్పుడే వినబడుతుంది.

ఆసుపత్రిలో ఉండగా ప్రెస్ నుంచి ఫోను. పేజీ ఆపమంటారా అని. "అచ్చెయ్యండి" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, నొప్పితో మూలుగుతూనే నవ్వారు. "నాది ఎడంచెయ్యి వాటమని వాళ్ళు కనుక్కోలేదు సూడు. అడగకుండా చేసే పని ఇట్లే ఏడుస్తాది."

పొద్దున సార్‌ను ఆసుపత్రి నుంచి తీసుకుని మేం వెళ్ళేసరికి ఆఫీసు ముందు ఒకామె నిలబడి ఉంది. చేతిలో మా పేపరు. మళ్ళీ గొడవేమో అని నేను భయపడ్డాను.

"సార్, అందరి పేర్లూ ఉండాయి. మావోనిది యాడుండాది? వాణ్ణీ లారీనే తొక్కింది గదా!"

పోలీసు కేసు లేని చావు అది. పోలీసుల దగ్గర నమోదైన వాటి నుంచే మేం మొదలుపెట్టాం. సార్ ముఖం పాలిపోయింది.

"తప్పు మాదే తల్లీ. కూసో. మీవోని పేరు చెప్పు."

పగిలిన గాజు పెంకులు పక్కకు నెట్టి, పిండికట్టు చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడంచేత్తో రాయడం మొదలుపెట్టారు. నేను తలెత్తి చూశాను. ఆమె వెనక మెట్ల మీద ఇంకొకామె, ఆ వెనక ఒక ముసలాయన, రోడ్డు దాకా మనుషులు. ఒక్కొక్కరి చేతిలో ఒక ఫోటో. లారీ పోయినప్పుడల్లా దుమ్ము లేస్తోంది. ఆడవాళ్ళు ఫోటోల్లోని ఆ ముఖాలను కొంగుతో తుడుస్తూ, తమ వంతు కోసం నిలబడి ఉన్నారు.