నిద్రమందు అని నేను చెప్పిన మాట

నేను లక్కిరెడ్డిపల్లె బడిలో ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. అయినా ముప్పై రెండేళ్లుగా కువైట్‌లో అరబ్బీ మాట్లాడి మనవాళ్ల పనులు చక్కబెడుతున్నాను. సబా అల్ సలేంలో వీసా ఇచ్చిన ఒకే కఫీల్ ఇంట్లో ఇన్నేళ్లు డ్రైవరుగా నిలిచినవాడు మా వైపు ఇంకొకడు లేడు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు చిక్కుల్లో పడిన పద్నాలుగు మందిని గట్టెక్కించాను. ఆసుపత్రుల్లో డాక్టరు చెప్పేది ఎంతమందికి తెలుగులో చెప్పానో నాకే గుర్తు లేదు. నాగేశ్వర పక్కనుంటే భయం లేదని మనవాళ్లు అనేవాళ్లు. వెంకటేశ్వరి కూడా అట్లా నమ్మే నన్ను పిలిచింది.

ఆమెది రాయచోటి దగ్గర పల్లె. ఆరేళ్లుగా ఎగైలాలో ఒక ఇంట్లో వంట చేస్తూ, పిల్లల్ని చూసుకుంటోంది. మాట తక్కువ మనిషి. ఆ ఇంటి మామాకు, అంటే యజమానురాలికి, జ్వరమొస్తే ఈమె కాచిన జావ తప్ప ఇంకేదీ నోట పెట్టదట. భర్త మునీంద్ర రిగ్గైలో ఒక గోడౌన్‌లో పనిచేసేవాడు. ఒకే దేశంలో ఉన్నా మొగుడూ పెళ్లాలు కలిసేది శుక్రవారం సాయంత్రం రెండు గంటలే. పార్కులో కూర్చుని, ఊళ్లో అవ్వ దగ్గర ఉండి ఇంటర్ చదువుతున్న కూతురు శివపార్వతికి ఫోన్ చేసేవాళ్లు. వెంకటేశ్వరి ఏనాడూ భర్తను పేరుతో పిలవలేదు. 'పాప నాయనా' అనేది. మా వైపు ఆడవాళ్లు ఇప్పటికీ చాలామంది అంతే.

మొన్న ఫిబ్రవరిలో మునీంద్ర అట్టపెట్టెలు దింపుతూ దింపుతూ కూలబడ్డాడు. బీపీ పెరిగి మెదడులో నరం చిట్లింది. ఆపరేషన్ చేసి ఐసీయూలో పెట్టారు. రోజూ నాలుగింటికి ఒక గంట, ఇద్దరిని లోపలికి పంపేవాళ్లు. ఇంటి మామా ఆ గంటకు ఒప్పుకుంది. నా కఫీల్ కారిచ్చాడు.

మొదటి రోజు డాక్టరు చెప్పిందాంట్లో ఒక్క ముక్క వదలకుండా ఆమెకు చెప్పాను. నోట్లోని గొట్టం ఊపిరి యంత్రానిదని, ఛాతీ లేచి దిగుతున్నది ఆ యంత్రం వల్లేనని, మెదడుకు విశ్రాంతి కావాలని నిద్రమందు ఎక్కిస్తున్నారని. ఆమె చేతులు కట్టుకుని అంతా విని ఒక్కటే అడిగింది.

“మనం మాట్లాడితే మేలుకుంటాడేమో చిన్నాయనా?”

“మేలుకోకూడదు పాపా. పండుకోనీ,” అన్నాను. ఆ రోజుకు అది నిజమే.

ఆదివారం డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. పొద్దున నిద్రమందు ఆపేశామని, ఇక తనంతట తను మేలుకోవాలని, రెండు మూడు రోజుల్లో మేలుకోకపోతే ఆశ తక్కువని చెప్పాడు. నేను లోపలికొచ్చి, ఇంకా మందు ఎక్కిస్తున్నారని ఆమెతో అన్నాను. మనవాళ్లలో చెడ్డమాట ఉన్నపళంగా చెప్పేవాళ్లు ఎవరున్నారు? పైగా ఆమె తిరిగి పోవలసింది పరాయి ఇంటికి. అక్కడ తలుపేసుకుని ఏడవడానికి గది కూడా లేదు, పిల్లల మంచాల మధ్య పడుకుంటుంది. ఎట్లాగూ మేలుకుంటాడు, మేలుకున్నాక మంచిమాటే చెబుదాంలే అనుకున్నాను.

సోమవారం మేలుకోలేదు. మంగళవారమూ లేదు. ఆమె రోజూ వచ్చి గాజులు మోగకుండా మోచేతి పైకి ఎగదోసుకుని, స్టూలు మీద కదలకుండా కూర్చునేది. ఫోన్‌లో కూతురు కనిపిస్తే పెదాల మీద వేలుపెట్టి సైగ చేసేది. ఆ పిల్ల చప్పుడు లేకుండా తండ్రికి చెయ్యి ఊపేది. నిద్ర చెడుతుందని కాలు కూడా తాకేది కాదు. నేను పక్కనే నిలబడి చూస్తూ ఉన్నాను.

గురువారం డాక్టరు మంచం దగ్గరికే వచ్చాడు. ఈమె ఎందుకు పలకదని, రోజూ ఇట్లాగే కూర్చుంటోందని నర్సులు అంటున్నారని నన్ను నిలదీశాడు. తెలిసిన గొంతుకు కదులుతాడేమో చూడాలి, పేరు పెట్టి పిలవమను అన్నాడు. ఎంతమంది ఆఫీసర్ల ముందో తడబడని నేను తడబడ్డాను. చివరికి చెప్పాను. మందు లేదని, ఆపేశారని, పేరు పెట్టి పిలవమంటున్నారని.

“ఎప్పుడు ఆపినారు?”

“ఆదివారం.”

ఆమె వంగి అతని చెవి దగ్గర “పాప నాయనా” అంది. డాక్టరు అది పేరు కాదని పసిగట్టాడో ఏమో, మళ్లీ చెయ్యి ఊపాడు. ఆమె చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తీసేసింది.

“మునీంద్రా,” అంది. “మునీంద్రా, నేను.”

డాక్టరు కనురెప్ప ఎత్తి లైటు వేశాడు. వేలిగోరు మీద గట్టిగా నొక్కాడు. ఫోన్‌లో పిల్ల నాయనా నాయనా అని పిలుస్తూనే ఉంది. యంత్రం లెక్కకు ఛాతీ లేచింది, దిగింది.

డాక్టరు అలవాటుగా నా వైపు తిరిగి చెప్పబోయాడు. వెంకటేశ్వరి మా ఇద్దరి మధ్యకు వచ్చి, వంటింట్లో నేర్చుకున్న అరబ్బీలో, నాకు చెప్పు అంది. వినపడుతున్నదో లేదో తెలియదని, మేలుకోకపోవచ్చని, అయినా రోజూ వచ్చి మాట్లాడమని అతను నిదానంగా చెప్పాడు. ప్రతిమాటా ఆమెకు అర్థమైంది. నేను తెలుగులో చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

కారులో ఎగైలాకు సగం దూరం వచ్చాక నోరు విప్పింది.

“నాలుగు దినాలు చిన్నాయనా. ఊపిరి గూడా గట్టిగా తీసుకోకుండా కూచ్చుంటి.”

ఆమె ఇంటి గేటు దగ్గర దిగి, తలుపు పట్టుకుని నిలబడింది.

“రేపట్నించీ నువ్వు లోపలికి రావొద్దు. కారులోనే ఉండు.”

సరేనన్నాను. ఇది రాసేనాటికి పందొమ్మిది రోజులైంది. నాలుగింటికి ఆమెను దింపి పార్కింగ్‌లో కూర్చుంటున్నాను. లోపల ఆ గంటసేపూ ఆమె అతనితో మాట్లాడుతూనే ఉంటుందట, డ్యూటీ దిగి పోతూ ఒక కేరళ నర్సు చెప్పింది. ఏం మాట్లాడుతుందో తెలియదు, నర్సుకు తెలుగు రాదు. బయటికొచ్చాక ఎట్లా ఉన్నాడని నేను అడగను, ఆమె చెప్పదు.