నాలుగు లైన్లూ ఎంగేజ్‌లో ఉండగా

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు నవ్వు. నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పన్నెండేళ్ళుగా టెలిఫోన్ బోర్డు చూస్తున్నాను. ఫోన్లో ఎవరో మూలుగుతున్నారని ఎవరైనా అంటే, ముందు వైరు సరిగ్గా పెట్టారో లేదో చూడమంటాను. అట్లాంటి దాన్ని ఇది రాస్తున్నాను.

మా ఆసుపత్రికి ఆళ్ళగడ్డలో చిన్న బ్రాంచి ఉంది. రెండు చోట్ల ఫోన్లనూ నెట్ ద్వారా కలిపారు. మధ్యలో నాలుగే లైన్లు. ఐదోవాళ్ళు చేస్తే ఎంగేజ్ మోతే. వాయిస్ మెయిల్ పెట్టె నా పక్కనే ఉంటుంది. ఆళ్ళగడ్డ నుంచి అందులో మాట వదలాలన్నా ఆ నాలుగింటిలో ఒకటి దొరకాల్సిందే. ఇంకో రెండు లైన్లు పెట్టించండి సార్ అని నోరు నొప్పి పుట్టేలా అడిగాను. "చూద్దాంలే" అన్నారు.

లైను దొరకడం కష్టం కాబట్టి మావాళ్ళు ఒక అలవాటు చేసుకున్నారు. దొరికిన లైను వదలరు. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టినట్టు, రిసీవరు బల్లమీద పెట్టేసి పనులు చూసుకుంటారు. ఈ అలవాటు మీద అందరినీ తిట్టేదాన్ని నేనే.

ఆ సోమవారం పొద్దున మూడు లైన్లు ల్యాబ్‌వాళ్ళూ, మందుల షాపూ, ఇన్సూరెన్సువాళ్ళూ పట్టేశారు. నాలుగోది నాది. ఆళ్ళగడ్డ రిసెప్షన్ అమ్మాయి వాళ్ళమ్మ నా జాకెట్లు కుడుతుంది. అయ్యాయా అని అడిగాను. "ఉండక్కా, ఇంటికి ఫోన్ చేసి చెప్తా" అంది. సరేనని రిసీవరు పక్కన పెట్టి టీకి పోయాను. సిగ్గుగానే ఉంది చెప్పడానికి.

తిరిగొచ్చేసరికి వాయిస్ మెయిల్ లైటు మిణుకుమంటోంది. విన్నాను. ఆళ్ళగడ్డ నర్సు సలోమి గొంతు.

"అక్కా, పాము కరిచిన ఆయమ్మను తోల్కొస్తాండా. ఈడ మందు అయిపోయింది. ఊపిరి తగ్గిపోతాంది. బేగా రెడీ చేసుకోండి."

డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. తీరా చూస్తే మా దగ్గరా విషానికి విరుగుడు ఇంజెక్షను లేదు. మనిషిని పంపి ఇంకో ఆసుపత్రి నుంచి తెప్పించారు. మందు లోపలికి రావడం, అంబులెన్సు గేటు దగ్గర ఆగడం ఒకేసారి జరిగాయి. ఆమె పేరు ఓబులమ్మ, చాగలమర్రి దగ్గర పత్తి చేలో పాము కరిచిందట. పది నిమిషాలు ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు అన్నాడు.

సలోమి అంబులెన్సులోనే వచ్చింది. నన్ను చూసి ఆశ్చర్యపోయింది. "మీకెట్ల తెల్సిందక్కా? ఎన్ని తూర్లు చేసినా లైనే దొరకల్యా!"

మెసేజ్ వినిపించాను. పిల్ల మొహం పాలిపోయింది. "ప్రభువా! గొంతు నాదే. కానీ నేనీ మాట ఎవరికీ చెప్పలేదక్కా. ఎంగేజ్ మోత ఇని పెట్టేసినా."

తన సెల్లు నుంచి బయటి నంబరుకు కూడా చేసిందట. సోమవారం టోకెన్ల రద్దీలో అదీ ఎంగేజే. దారిలో ఓబులమ్మ ఊపిరి చూసుకోవడానికే రెండు చేతులూ సరిపోలేదంది.

కంగారులో మాట్లాడి మరిచిపోయిందేమో అనుకున్నాను. ఇప్పటికీ ఒక్కోసారి అట్లాగే అనుకుంటాను. కానీ మాట్లాడినా, ఏ లైన్లో మాట్లాడింది?

ఫోన్లు చూసే బాషాను పిలిపించి లెక్క తీయించాను. మెసేజ్ వచ్చిన సమయానికి నాలుగు లైన్లూ నిండే ఉన్నాయి. అంతకు ముందూ, ఆ తర్వాతా ఒక్కటీ ఖాళీ కాలేదు. ప్రతి మెసేజ్ పక్కనా లైను నంబరు పడుతుంది. దీని పక్కన ఏమీ లేదు.

బాషాకు పట్టుదల వచ్చింది. నాలుగు లైన్లూ బిగించి, ఆళ్ళగడ్డ నుంచి ఐదో ఫోను చేయించాడు. పదిసార్లూ ఎంగేజే. "నిండిన బిందెలో ఇంకో చెంబు పట్టదు కదక్కా. పట్టింది. యాడ పట్టిందో నన్ను అడగొద్దు" అని తల గోక్కున్నాడు. మిషను మార్చేదాకా వచ్చినప్పుడల్లా దాన్ని విప్పి చూసేవాడు. నేనూ పక్కన నిలబడి తొంగిచూసేదాన్ని. ఏమీ దొరకలేదు.

నెల తర్వాత ఓబులమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది, చేతిలో శనక్కాయల సంచితో.

"నువ్వు ఫోనెత్తబట్టే బతికినా తల్లీ" అని నా రెండు చేతులూ పట్టుకుంది.

నాకు ఏడుపొచ్చింది. "లేదమ్మా, నేను ఎత్తలేదు. నీకోసం చేసిన ఫోను రాకుండా లైను పట్టిపెట్టి టీకి పోయింది నేనే" అని ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆమె నా చేతులు వదల్లేదు. "మరి ఎవురెత్తినారు?" అని అడిగింది.