కిల్లో అంటే పులి

మొన్న పొద్దున్న పేపర్లో క్వాంటం కంప్యూటర్ల మీద ఏదో వ్యాసం చదువుతూ ‘ప్లాంక్ స్థిరాంకం’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. కాఫీ చల్లారిపోయింది, నేను మాత్రం వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

డెబ్భైల చివర్లో, శ్రీకాకుళం నుంచి వెళ్లి అరకులోయలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెప్పిన రోజులవి. మన తరం మాస్టర్ల సంగతి మీకు తెలిసిందే, అక్షరం తప్పితే ఊరుకునేవాళ్లం కాదు. డుంబ్రిగుడ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి, క్లాసులో అందరికంటే చురుకైనది, ‘ప్లంకు’ అని రాస్తే, అంత గొప్ప సైంటిస్టు ఇంటిపేరు పాడుచేస్తావా అని పదిసార్లు రాయించాను. మనిషి ఇంటిపేరు ప్రకృతి లెక్కకే పేరైపోవడం ఆ పిల్లకు వింతగా తోచినట్టుంది.

“మా ఇంటిపేరు కూడా అలాగ పెడతారా మేడమ్?” అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ నెలలోనే పరీక్ష ఫారాలు వచ్చాయి. ఆమె ‘కిల్లో’ అని రాసుకొచ్చింది. మా వైపు కిల్లివారు చాలామంది. పిల్ల తప్పు రాసిందనుకుని, అడగనైనా అడగకుండా ‘కిల్లి’ అని దిద్ది పంపించేశాను. హాల్ టికెట్టు చూసుకుని కూడా నాకు చెప్పడానికి భయపడిందట.

పాసైంది, నర్సు ట్రైనింగుకు ఎంపికైంది. తీరా వెళ్తే, మార్కుల లిస్టులో ఒక ఇంటిపేరు, కులం సర్టిఫికెట్టులో ఇంకొకటి ఉన్నాయని తిప్పి పంపేశారు. సంత రోజున తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. గొంతులో కోపమైనా లేదు.

“మా కొండోళ్ల మాటలో కిల్లో అంటే పులమ్మా. మా గుంట ఇంటిపేరు ఏటికి మార్సీసినారు?”

మర్నాడే వాళ్లిద్దరితో కిరండోల్ రైల్లో విశాఖపట్నం వెళ్లి, పరీక్షల ఆఫీసులో తప్పు నాదేనని కాగితం రాసిచ్చాను. దిద్దిన లిస్టు చేతికొచ్చేసరికి సీట్లు నిండిపోయాయి. మరుసటి ఏడు చేరింది, నర్సయింది, ముంచింగిపుట్టు వైపు పనిచేసిందని విన్నాను. నా దిద్దుబాటు వల్ల పోయిన ఆ ఏడాది చదువు మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు అక్కడ కిల్లోలు, పాంగిలు, కొర్రాలు, ఆ కొండల ఇంటిపేర్లవాళ్లే పాఠాలు చెబుతున్నారట. వాళ్ల పేర్లు దిద్దే సాహసం ఎవరికీ ఉండదు. సంతోషమే. కానీ ఆనాడు రైల్లో అన్ని గంటలు ఆ పిల్ల పక్కనే కూర్చుని, సొరంగం తర్వాత సొరంగం దాటుతూ, తప్పయిందమ్మా అని ఒక్క మాట అనలేకపోయాను. టీచరునన్న బిగువు. ఆ బిగువు ఎప్పుడో పోయింది. మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.