చైనా కొండ మీద మా అట్టపెట్టె

పెళ్ళయి దోహా వచ్చిన కొత్తలో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. న్యాయమెప్పుడూ నా వైపే ఉంటుందని ఒకటి. ఆ సంగతి విడమరచి చెబితే అవతలివాళ్ళు ఒప్పుకుంటారని రెండోది. (మొదటిది ఇప్పటికీ ఉంది.) నజ్మాలో ఒక పాత ఇంట్లో, చెక్క అడ్డు కట్టిన సగం గదిలో మా కాపురం. మిగతా సగం, వంటగదిలో ముప్పాతిక మా ఆయన అక్కగారివి. నేను పొయ్యి మీద పెట్టిన పులుసులో వదిన వచ్చి మళ్ళీ ఉప్పు వేసి పోయేది. అల్ వక్రాలో సముద్రం కనిపించే చిన్న ఇల్లొకటి ఖాళీగా ఉందని తెలిసింది మొదలు, ఆ ఇంటి మాట ఎత్తకుండా నేను మా ఆయనకి అన్నం వడ్డించలేదు.

సరిగ్గా అప్పుడే వెస్ట్ బేలో ఆయనతో పనిచేసే చైనా అతను, దక్షిణ చైనాలో తమ ఊరు చూసి రమ్మన్నాడు. కొండ మీదుగా పాత రాతిమెట్ల బాట, అది దిగితే కాలవల మీద కట్టిన పురాతన పట్నం, అక్కడ వాళ్ళమ్మ. "కాలవ చూడ్డానికి చైనా ఎందుకండీ? మా అమ్మ గిన్నెలు తోమేది కాలవలోనే" అన్నాను. ఆయన నెమ్మదిగా, "తిరిగొచ్చేదాకా దేనికీ ఎదురు చెప్పకుండా ఉండు చూద్దాం. వక్రా ఇల్లు తీసేసుకుందాం" అన్నారు. వంటగదిలోంచి వదిన నవ్వింది. "ఇల్లు తీసుకోవడం ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చు కదరా తమ్ముడూ."

ఆ నవ్వుకే ఒప్పేసుకున్నాను. గల్ఫ్ నుంచి అట్టపెట్టె లేకుండా విమానం ఎక్కితే పరువు తక్కువ కదా, వదినే దగ్గరుండి కట్టింది. ఆ చైనా తల్లికి పెద్ద బొచ్చు దుప్పటి, పాలపొడి డబ్బాలు, సబ్బులు, ఖర్జూరాలు. చుట్టూ టేపు, పైన తాడు, నాలుగు వైపులా లావుపాటి అక్షరాలతో మా ఆయన పేరు. దుప్పటి చైనాలోనే తయారైందని దాని మీదే రాసి ఉంది. చూసి, నోరు మూసుకున్నాను. (కొండ ఎక్కడానికి సాధన కూడా చేశాం, ఏసీ మాల్‌లో, ఎస్కలేటర్ల మీద.)

బస్సు మమ్మల్ని కొండ కింద దింపి, చుట్టుదారిన అదే పట్నానికి వెళ్ళిపోయింది. "పెట్టె బస్సులో వదిలేస్తే ఎవడైనా పట్టుకుపోతాడు. చెరో పక్క పట్టుకుందాం" అన్నారు మా ఆయన. సరేనన్నాను. వాన అందుకుంది. గొడుగు లేదు, ఖతార్‌లో కాపురముండేవాళ్ళకి అది గుర్తొస్తుందా? నాచు పట్టిన మెట్లు. మలుపు తిరిగితే మళ్ళీ మెట్లు. దుప్పటి నీళ్ళు తాగి గేదెదూడంత బరువెక్కింది. చేతికర్రలతో చకచకా ఎక్కేస్తున్న చైనావాళ్ళు మమ్మల్ని చూసి, శవపేటిక అనుకున్నారో ఏమో, పక్కకి తప్పుకుని తల వంచారు. నాకూ అలాగే అనిపించింది. నేనిక్కడే పోతే ఈ పెట్టెలోనే పంపిస్తారు, పైన పేరు కూడా ఈయనదే ఉంటుంది అని ఏడుపొచ్చింది.

"ఎలా ఉంది?"

"బాగుందండీ."

"కాళ్ళు నొప్పా?"

"లేదండీ."

ఆయన మొహంలో దిగులు మొదలైంది.

సాయంత్రానికి పట్నం చేరాం. తెల్లటి గోడలు, నల్లటి పెంకులు, రాతి వంతెన కింద పడవలు. ఆ తల్లి మాకు వేడినీళ్ళిచ్చి, దుప్పటిని కాలవ మీది పిట్టగోడ మీద ఆరేసింది. నేను మనసులో వక్రా కిటికీకి తెరలు కడుతున్నాను. మా ఆయన కాలవ వైపు చూసి, "మీ ఊరి కాలవ కన్నా ఇదే బాగుంది కదూ?" అన్నారు. అమాయకంగా అన్నారో, ఆలోచించి అన్నారో నాకు నేటికీ తేలలేదు.

"ఏం బాగుందండీ? ఆ నీళ్ళు కదులుతున్నాయా? మా కాలవ నీళ్ళు చేలల్లోకి పోతాయి. మీ తాతగారు తిన్న అన్నం ఆ నీళ్ళదే. ఇది ఫొటోలకి తప్ప దేనికి?" అక్కడ ఆగినా పోయేది. మెట్లు, వాన, దుప్పటి, చివరికి వదిన ఉప్పు దాకా వెళ్ళాను. ఒక్క ముక్కా అర్థం కాని ఆ తల్లి నా పక్కన కూర్చుని, గ్లాసులో మళ్ళీ వేడినీళ్ళు పోసింది. మా ఆయన ఊపిరి పీల్చుకుని, "పాపం, కొండంతా గెలిచావు" అన్నారు.

వక్రా ఇల్లు వేరెవరో తీసుకున్నారు. ఆ ఉప్పు పులుసు ఏళ్ళ తరబడి తిన్నాను. ఇప్పుడు వక్రాకి మెట్రో వేశారు. శుక్రవారం ప్రార్థన అయ్యాక అప్పుడప్పుడు వెళ్ళి ఒడ్డున కూర్చుంటాం. ఆ కిటికీ ఏదో నాకు తెలుసు, అటు చూడను. తడిసి ముద్దయి, చేతులు తిప్పుతూ కాలవ గట్టున అరుస్తున్న ఆ పిల్లని తలుచుకుంటే జాలేస్తుంది, నవ్వూ వస్తుంది. ఒక్క "ఊఁ" అంటే సరిపోయేది.

మొన్న మా ఆయన సముద్రం వైపు చూస్తూ, "ఇప్పుడైనా చెప్పు. ఆ కాలవ బాగుందా, లేదా?" అన్నారు.

"లేదు" అన్నాను.